ముప్పై శాతం ఎవరిది?

"సంతకం పెట్టమ్మా. నాలుగింటికి కౌంటరు మూసేస్తారు," అన్నాడు పెద్దాడు.

"పెట్టకమ్మా," అంది చిన్నది.

తల్లి కలం పట్టుకుని కూర్చుంది. మూత ఇంకా తీయలేదు.

కింద షాపులో డ్రిల్లింగు మిషను మళ్ళీ మొదలైంది. బల్ల మీద టీ కప్పులు సన్నగా వణికాయి. షాపు కొనుక్కున్న కొత్తాయన గోడకున్న గాజు అరలు పీకిస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఆ అరల్లో కళ్ళద్దాల ఫ్రేములు వరసగా కూర్చుని వీధిని చూసేవి. ఆమె భర్త వాటిని రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. ఆయన పోయాక తుడిచే చెయ్యి లేదు. అమ్మేశారు. షాపుకీ సరుకుకీ కలిపి వచ్చిన నలభై లక్షల గురించే ఇప్పుడు ఈ గోల.

"కింద ఏం పెడతాడట?" అంది కోడలు, మాట మార్చడానికి.

"సెల్‌ఫోన్లు," అంది చిన్నది.

"బాగానే ఉంది. మామయ్యగారు కళ్ళు బాగుచేసిన చోట ఈయన కళ్ళు పాడుచేస్తాడన్నమాట."

ఎవరూ నవ్వలేదు. కోడలు కూడా నవ్వలేదు. కప్పులు తీసి పళ్ళెంలో పెట్టుకుంది గాని, లేచి వెళ్ళలేదు.

పోయిన ఆదివారం ఇదే బల్ల దగ్గర మొదలైన వాదన ఇది. ఆ రోజు చిన్నది ఒక మాటా, పెద్దాడు రెండు మాటలూ అనుకుని, అతను వడ్డించిన కంచం వదిలి లేచిపోయాడు. ఇవాళ తినే వచ్చాడు. తినేసి వచ్చానని గుమ్మంలోనే చెప్పాడు.

"మళ్ళీ మొదట్నించీ చెప్తాను, విను," అన్నాడు పెద్దాడు. అతను ఒక పెద్ద కంపెనీలో జీతాల సెక్షన్ చూస్తాడు. నెల నెలా వందలమంది జీతాల్లోంచి పన్ను కోసే పని. ఇంట్లో మాట్లాడినా, కౌంటరు అవతలి మనిషికి నచ్చజెప్పినట్టే ఉంటుంది. "చిన్నది చెప్పే డిపాజిట్‌కి వడ్డీ ఏడున్నర. నలభై లక్షలకి ఏడాదికి మూడు లక్షలు. వినడానికి ఎంత బాగుంది! కానీ అందులో ముప్పై శాతం పన్ను పోతుంది. తొంభై వేలు. చేతికి మిగిలేది రెండు లక్షల పది వేలు. అవునా?"

తల్లి తల ఊపింది.

"ఈ కాగితంలో ఉన్న బాండ్లకి వడ్డీ ఐదూ ముప్పావే. చూడ్డానికి తక్కువే. ఏడాదికి రెండు లక్షల ముప్పై వేలు. కానీ చిల్లిగవ్వ పన్ను లేదు. వచ్చిందంతా వచ్చినట్టే. ఏది ఎక్కువ? నువ్వే చెప్పు."

"రెండు ముప్పై ఎక్కువ," అంది తల్లి.

"అంతే కదా! ఈ మాత్రం దానికి వారం రోజులుగా నన్ను దొంగని చూసినట్టు చూస్తోంది ఇది."

"నేనెక్కడ చూశాను? నీకే అనిపిస్తుంటే నేనేం చెయ్యను?" చిన్నది కుర్చీ ముందుకు లాక్కుంది. "సరే, అన్నయ్యా. ఆ వడ్డీ ఎప్పుడిస్తారో కూడా చెప్పు."

"ఏడాదికోసారి."

"మరి మిగతా నెలలు అమ్మ గాలి భోంచేస్తుందా?"

"నేను లేనా? నెల నెలా నేను పంపిస్తాను. వడ్డీ వచ్చాక సర్దుకుంటాను."

"అంటే, మందులు కొనుక్కోవాలన్నా ముందు నీకు ఫోన్ చెయ్యాలి."

"చేస్తే ఏం? నా ఫోన్ ఏమైనా కరుస్తుందా? నువ్వు చెప్పే డిపాజిట్ మాత్రం అమ్మ కోసమా? మీ ఆయన బ్యాంకులో ఈ నెల టార్గెట్ కోసం కాదూ!"

"మా ఆయన పేరెత్తకు."

"ఎత్తక! నలభై లక్షలు ఒక్క దెబ్బకి వచ్చి పడితే మేనేజరు శాలువా కప్పుతాడు."

"కప్పనీ. నెల నెలా పాతిక వేలు అమ్మ చేతికొస్తాయి. మందులకీ, కూరానారకీ, ఫోనుకీ, అన్నిటికీ కలిపి పది వేలనుకో. ఇంకా పదిహేను వేలు మిగులు. ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఎక్కడున్నా దర్జాగా ఉంటుంది."

"పన్ను ఎవరు కడతారే? మీ మేనేజరా?"

"పన్ను, పన్ను! నీకింకో మాట రాదా?"

తల్లి ఇద్దరి మాటలూ విన్నది. చిన్నప్పుడు కిటికీ పక్క సీటు కోసం కొట్టుకున్నప్పుడు కూడా వీళ్ళ గొంతులు ఇలాగే పెరిగేవి. అప్పుడు ఆయన మధ్యలోకి వచ్చి ఇద్దర్నీ కాదని తనే కిటికీ పక్కన కూర్చునేవాడు. ఇద్దరూ నోరుమూసుకునేవాళ్ళు. ఇప్పుడు ఆయన కూర్చునే కుర్చీలో కోడలి హ్యాండ్‌బ్యాగు ఉంది.

ఆమెకూ తన లెక్క ఒకటి ఉంది. ఎవరికీ చెప్పలేదు. పది వేలు తిండికీ మందులకీ. ఈ రెండు గదుల అద్దె పద్నాలుగు వేలు. షాపు వాళ్ళ సొంతం గాని, పైనున్న ఈ గదులు ఎప్పుడూ అద్దెవే. మొత్తం ఇరవై నాలుగు వేలు. అంత వస్తే ఇక్కడే ఉండవచ్చు. ఆయన పడుకున్న మంచం మీద పడుకోవచ్చు. ఆయన మెట్లెక్కుతూ చెయ్యి ఆనించి నున్నగా చేసిన గోడను రోజూ చూడవచ్చు.

కానీ పెద్దాడి లెక్క ప్రకారం బాండ్లయినా, డిపాజిట్టయినా, అంత రాదు. ఎటు చూసినా నెలకు పంతొమ్మిది వేల చిల్లర దాటదు. వారం నుంచి ఆమె ఆ మాటను లోపల మింగుతూనే ఉంది. గదులు ఖాళీ చెయ్యక తప్పదు. ఆ సంగతి ఒకసారి ఒప్పుకున్నాక, ఏ కాగితం మీద సంతకం పెడితే ఏం?

"పెడతాన్లే," అంది.

చిన్నది నుదురు కొట్టుకుంది.

తల్లి కాగితం దగ్గరికి లాక్కుని వంగింది. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. సంతకం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "అద్దాలు లోపల ఉన్నాయి," అని లేవబోయింది.

"ఎందుకమ్మా, ఒక్క సంతకమే కదా. నావి పెట్టుకో." పెద్దాడు తన కళ్ళద్దాలు తీసి అందించాడు.

ఆమె పెట్టుకుంది. కాగితం ఒక్కసారి వెనక్కి జరిగి చిన్నదైపోయింది. గీతలు పక్కకి ఒరిగాయి. కణతల దగ్గర సన్నగా నొప్పి లేచింది.

"కళ్ళద్దాల డాక్టరు కొడుకువి! నీ అద్దాలు ఇంకొకళ్ళకి ఇస్తున్నావు," అంది చిన్నది. వీధిలో అందరూ తండ్రిని అలాగే పిలిచేవారు. ఆయన డాక్టరు కాదు. ఎవరెంత చెప్పినా ఆ పిలుపు పోలేదు.

పెద్దాడికి కూడా నవ్వు వచ్చింది. వారంలో మొదటిసారి. "నాన్న ఉంటే తన్నేవాడు," అన్నాడు.

తల్లి అద్దాలు తీసి అతని చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళింది.

లోపలి గదిలో కిటికీ తలుపు వేసి ఉంది. కళ్ళద్దాలు మంచం పక్క బల్ల మీద, నల్లటి పెట్టె పక్కన ఉన్నాయి. షాపులో సామానంతా కొత్తాయనకి ఇచ్చేశారు గాని, ఆ పెట్టె మాత్రం ఆమె ఇవ్వనంది. కళ్ళు పరీక్ష చేసే గాజు బిళ్ళలు అందులో నంబర్ల వారీగా ఉంటాయి. వాటితో పాటు బిళ్ళలు మార్చి మార్చి పెట్టి చూసే గుండ్రటి ఇనప ఫ్రేము. ఆయన దాన్ని జనం ముక్కుల మీద ఎంత తేలిగ్గా పెట్టేవాడంటే, పసిపిల్లలు కూడా కదిలేవారు కాదు.

అద్దాలు చేతిలోకి తీసుకుని ఆమె మంచం అంచున కూర్చుంది. ఒక్క నిమిషం కూర్చుందామనుకుంది. బయట వాళ్ళిద్దరూ మళ్ళీ అందుకున్నారు.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. వేసుకునే మనిషి ఎదురుగా కూర్చోకపోతే గాజు కోసేవాడు కాదు. తల్లికనీ, భార్యకనీ కొడుకులూ మొగుళ్ళూ వచ్చేవారు. "మా అమ్మకీ ఇంచుమించు నా నంబరే ఉంటుందండీ, చేసెయ్యండి," అనేవారు. "ఆవిడ్ని తీసుకురండి," అనేవాడు. "మెట్లు దిగలేదండీ," అంటే, "నేనే వస్తాను," అని షాపు మూసేవేళ ఈ పెట్టె పట్టుకుని బయల్దేరేవాడు. ఎదురు వీధి షాపులో అడిగిన పది నిమిషాల్లో చేసిచ్చేవారు. బేరాలు అటు పోయేవి. ఆమె సణిగేది. "ఒకటి రెండు నంబర్ల తేడాకి ఏం మునిగిపోతుంది?" అనేది. ఆయన జవాబు చెప్పకుండా బిళ్ళలు తుడుచుకునేవాడు.

'ముప్పై శాతం పోతుంది.' బయట పెద్దాడి గొంతు అదే మాట అంటోంది.

ఆమె చేతిలో కళ్ళద్దాలు అలాగే ఆగిపోయాయి.

షాపు బాగా నడిచిన ఏడాది ఆయన పన్ను కట్టాడు. నడవని ఏళ్ళలో ఆడిటరు కాగితాలు తిరగేసి, "ఈ ఆదాయానికి మీకు పన్ను పడదండీ," అనేవాడు. ఆ నడవని ఏళ్ళలో కూడా షాపుకి ఏడాదికి మూడు లక్షల కంటే ఎక్కువే వచ్చేది. ఆమెకు బాగా గుర్తు. అప్పుడు గల్లా దగ్గర కూర్చున్నది తనే.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ముందు గదిలోకి వచ్చింది.

"ఒరేయ్ నాన్నా," అంది. "ఆ ముప్పై శాతం ఎవరిది?"

"గవర్నమెంటుదమ్మా."

"అది కాదురా. ఎవరు కట్టాలి?"

"వడ్డీ ఎవరికొస్తే వాళ్ళు."

"వడ్డీ నాకు కదా వచ్చేది?"

పెద్దాడు కాగితం వంక చూశాడు.

"నాకింకో ఆదాయం లేదు. ఏడాదికి ఆ మూడు లక్షలే. దానికి నాకు పన్ను పడుతుందా?"

కింద డ్రిల్లింగు ఆగింది.

"పడదత్తయ్యా," అంది కోడలు, పళ్ళెంలోకి చూస్తూ. "మీకు పడదు. ముప్పై శాతం పడేది మీ అబ్బాయికి. నెల నెలా ఆ కోత చూసి చూసి, ఇంట్లో ఉప్పు కొన్నా అందులో ముప్పై శాతం తీసేసి చూస్తారు."

"నువ్వూరుకో," అన్నాడు పెద్దాడు. కోపం లేదు ఆ గొంతులో. మొహం ఎర్రబడింది. చెవుల దాకా ఎర్రబడింది. చిన్నప్పుడు లెక్కల్లో తప్పు చేసి వచ్చినా అలాగే అయ్యేది.

"చూశావా!" అని చిన్నది ఒంటికాలి మీద లేచింది. "నేను చెప్తూనే ఉన్నాను! డబ్బు నీ పేరు మీద పెట్టుకుందామనే కదా నీ పన్ను వేసి చూపించావు?"

"అదేం కాదు."

"మరేంటి? ఊరందరి పన్నూ లెక్కేసేవాడివి, అమ్మ పన్ను తెలీదా నీకు?"

"తెలుసు!" అని అరిచాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "తెలుసే. కానీ... అమ్మ ఎలాగూ మా ఇంటికే వస్తుంది కదా. బ్యాంకుల చుట్టూ, సంతకాల చుట్టూ తిరగలేదు కదా. నా పేరు ముందుండి, అమ్మ పేరు వెనకుంటే పనులు నేనే చూసుకోవచ్చు అనుకున్నాను. అలా అనుకుని లెక్క మొదలుపెడితే అది నా పన్నుతోనే సాగిపోయింది. ఎప్పుడు అలా అయిందో నాకే తెలీదమ్మా. నిజంగా."

తల్లి నమ్మింది. అబద్ధం చెప్తే అతని చెయ్యి మెడ మీదికి పోతుంది. ఇప్పుడు రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి. కావాలని చేసి ఉంటే కోప్పడి ఊరుకునేది. కొడుకు తలలో తను అప్పుడే అతని ఇంట్లో, వెనక గదిలో, రెండో పేరుగా ఉండిపోయింది. దానికి ఎవరి మీద కోప్పడుతుంది?

"నాన్న ఆస్పత్రిలో ఉన్న నెలంతా వీడే తిరిగాడు," అంది చిన్నదాని వంక చూసి. "అరవకు."

చిన్నది కూర్చుంది.

"అయితే డిపాజిట్ పెడితే నెలకి పాతిక వేలు నాకొస్తాయి. పూర్తిగా."

"వస్తాయి," అన్నాడు పెద్దాడు నెమ్మదిగా. "నీకు పన్ను పడదని బ్యాంకులో ఒక కాగితం రాసిస్తే చాలు. బాండ్ల కంటే... ఏడాదికి డెబ్భై వేలు ఎక్కువే."

తల్లి కలం పక్కన పెట్టేసింది. చాలా రోజుల తర్వాత ఆమెకు ఊపిరి కిందిదాకా ఆడినట్టయింది. పది వేలు, పద్నాలుగు వేలు. పాతికలో ఇంకా వెయ్యి మిగులు. ఎక్కువేం కాదు. కానీ మిగులే.

"అయితే అద్దె కట్టగలను," అంది, తనలో తను అనుకున్నట్టుగా. "ఇక్కడే ఉంటాను."

పెద్దాడు తలెత్తి చూశాడు. "ఇక్కడా? ఒక్కదానివా?"

"ఒక్కదాన్నే."

"మెట్లమ్మా ఇవి! రాత్రిపూట ఏమైనా అయితే?"

"పగటిపూట కూడా అవుతాయిరా."

కోడలు మొదటిసారి తలెత్తి అత్తగారి వంక నేరుగా చూసింది. ఆ చూపు చిరాకో, తేలికపడటమో తెలియలేదు. రెండూ కావచ్చు.

చిన్నది ఏమీ అనలేదు.

అది తల్లికి వింతగా తోచింది. ఇంతసేపూ తన తరఫున గొంతు చించుకున్న పిల్ల. గెలిచింది కూడా. ఎగిరి గంతెయ్యాలి. అన్నను నాలుగు మాటలనాలి. ఆ పిల్ల మాత్రం సంచిలోంచి తన పాప పాలసీసా తీసి, మూత బిగించి, మళ్ళీ లోపల పెట్టుకుంటోంది.

పాపను చూసుకునే ఆవిడ మానేసి రెండు వారాలైంది. ఆ సంగతి మధ్యాహ్నం నుంచి రెండుసార్లు చెప్పింది. ఇవాళ పాప అల్లుడి దగ్గర ఉంది, అతను సెలవు పెట్టాడు. ఇలా ఎన్నాళ్ళు సెలవు పెడతాడని కూడా అంది.

మందులకీ, కూరానారకీ, ఫోనుకీ కలిపి పది వేలు. పదిహేను వేలు మిగులు. ఎక్కడున్నా దర్జాగా.

చిన్నదాని లెక్కలో అద్దె లేదు.

ఆమె ఆ పిల్ల చెప్పిన మాటలన్నీ మళ్ళీ ఒకసారి లోపల వేసుకుని చూసింది. ఎక్కడా లేదు. అద్దె మర్చిపోయే పిల్ల కాదు. పోయిన నెల అద్దె తన చేత్తో తీసుకెళ్ళి ఈ గదుల ఓనరుకి ఇచ్చి వచ్చింది కూడా అదే.

"అమ్మలూ," అంది.

"ఊఁ."

"పదిహేను వేలు మిగులుతాయన్నావు కదా..."

తలుపు మీద ఎవరో వేళ్ళతో కొట్టారు.

కోడలు వెళ్ళి తీసింది. కొత్తాయన. జుట్టు నిండా గోడ సున్నం. చేతిలో ఇనప టేపు. "ఏమనుకోకండి అమ్మగారూ," అన్నాడు గుమ్మం బయటే చెప్పులు విడుస్తూ. "కిందికి వడ్రంగి వచ్చాడు. పనిలో పనిగా ఈ గదుల కొలతలు కూడా ఇస్తే అరలు ఒకేసారి చేసేస్తానంటున్నాడు. ఐదు నిమిషాలే. సామాను జరపక్కర్లేదు."

"ఈ గదుల కొలతలు మీకెందుకండీ?" అన్నాడు పెద్దాడు.

"సరుకు పెట్టుకోడానికండీ. ఒకటో తారీఖు నుంచి పైన కూడా నేనే తీసుకుంటున్నాను కదా. ఈ గదుల ఓనరుతో మాటైపోయింది." అతను అందరి మొహాలూ చూసి తడబడ్డాడు. "అమ్మగారు ఖాళీ చేస్తున్నారన్నారే! పెట్టెలు నెలాఖరుకి కట్టేస్తామన్నారు."

"నేను ఖాళీ చేస్తున్నానని ఎవరు చెప్పారండీ?" అంది తల్లి.

అందరూ పెద్దాడి వంక చూశారు. కోడలు కూడా. "నేను కాదు," అన్నాడు పెద్దాడు. అతని చేతులు బల్ల మీదే ఉన్నాయి.

కొత్తాయన టేపును కొంచెం లాగి వదిలాడు. అది గిరుక్కున లోపలికి పోయింది. అతని చూపు పెద్దాడిని దాటి, కోడలిని దాటి, సంచి ఒళ్ళో పెట్టుకుని తల వంచుకు కూర్చున్న మనిషి దగ్గర ఆగింది.

తల్లి కూడా అటు తిరిగింది. ఆమె పెట్టుకున్నవి చదువుకునే కళ్ళద్దాలు. వాటిలోంచి చూస్తే దగ్గరి అక్షరాలు స్పష్టంగా ఉంటాయి. బల్ల అవతల ఉన్న ముఖాలు మాత్రం తడిసిన కాగితంలా మసకబారతాయి.

ఆమె వాటిని తీయలేదు.